అపోహలు - వాస్తవాలు: స్విచ్ పోర్ట్‌లో లైట్ వెలిగితే లింక్ బాగున్నట్టేనా?

నెట్ స్లో అని టికెట్ రాగానే చాలామంది పోర్ట్‌లో లైట్ చూస్తారు, ఒక పింగ్ (అవతలి మెషిన్ పలుకుతుందా అని చూసే చిన్న టెస్ట్) కొడతారు, రిప్లై వస్తే నెట్‌వర్క్ బానే ఉంది సర్వర్ వాళ్ళని అడగండి అని తోసేస్తారు. పాపం అవతల యూజర్ రోజంతా అలాగే తిప్పలు పడుతుంటాడు. సిస్కో క్యాటలిస్ట్ స్విచ్‌ల మీద పని చేస్తూ నేను ఎక్కువగా వినే మాటలు ఇవి.

అపోహ: ఆటోని నమ్మొద్దు, స్పీడ్ 100, డ్యూప్లెక్స్ ఫుల్ అని మనమే పెట్టేస్తే సేఫ్.

వాస్తవం: ఆటో నెగోషియేషన్ అంటే కేబుల్ రెండు చివర్లూ మాట్లాడుకుని స్పీడ్, డ్యూప్లెక్స్ వాటంతటవే తేల్చుకోవడం. 100 అంటే 100 ఎంబీపీఎస్, డ్యూప్లెక్స్ ఫుల్ అంటే పంపడం, అందుకోవడం ఒకేసారి, హాఫ్ అంటే ఒకసారికి ఒకటే. మనమే ఫిక్స్ చేయాలనే మాటలో ఒకప్పుడు నిజం ఉండేది. 1995లో ఫాస్ట్ ఈథర్నెట్ స్టాండర్డ్ వచ్చిన కొత్తలో ఒక కంపెనీ కార్డుకీ ఇంకో కంపెనీ స్విచ్‌కీ ఆటో నెగోషియేషన్ సరిగ్గా కుదిరేది కాదు, అందుకని సీనియర్లు ఫిక్స్ చేసేయమనేవాళ్ళు, ఆ అలవాటు ఇంకా పోలేదు. ఇప్పుడు మీరు ఒకవైపు మాత్రమే 100 ఫుల్ పెట్టి అటువైపు ఆటోలో వదిలేశారనుకోండి, ఆటోలో ఉన్నదానికి నెగోషియేషన్ సమాచారం ఏమీ రాదు, వచ్చే సిగ్నల్ చూసి స్పీడ్ 100 అని పట్టుకుంటుంది గానీ డ్యూప్లెక్స్ తెలిసే దారి లేదు, కాబట్టి రూల్ ప్రకారం హాఫ్‌లోకి పోతుంది. లింక్ అప్ ఉంటుంది, పింగ్ చక్కగా వెళ్తుంది, పెద్ద ఫైల్ కాపీ పెట్టగానే నత్తనడకే.

స్విచ్‌లో షో ఇంటర్‌ఫేసెస్ స్టేటస్ అనే కమాండ్ కొట్టి డ్యూప్లెక్స్ కాలమ్ చూడండి. ఏ-హాఫ్, దాని పక్కనే ఏ-100 అని కనిపిస్తే నేనైతే ముందు దీన్నే అనుమానిస్తా, ముందున్న ఆ ఏ అంటే ఆటోలో తేలిందని. హాఫ్ వైపు లేట్ కొలిజన్లు (ఆలస్యంగా జరిగే డేటా ఢీలు), ఫుల్ వైపు సీఆర్‌సీ ఎర్రర్లు (పాడై వచ్చిన డేటా), రంట్లు (మధ్యలో తెగిన చిన్న ముక్కలు) పెరుగుతూ పోతాయి, ఒక చివర మాత్రమే చూస్తే కేబుల్ పోయిందేమో అనిపిస్తుంది, అందుకే రెండు చివర్లూ చూడండి అని ఇంత గట్టిగా చెప్తున్నా. పైగా రాగి కేబుల్ మీద గిగాబిట్‌కి ఆటో నెగోషియేషన్ స్టాండర్డ్‌లోనే తప్పనిసరి. రెండువైపులా ఆటో పెట్టండి, పాత డివైస్ వల్ల కుదరకపోతే రెండువైపులా ఒకేలా ఫిక్స్ చేయండి.

అపోహ: గిగాబిట్ పోర్ట్ 100కి పడిపోయిందంటే పోర్ట్ పోయినట్టే.

వాస్తవం: ముందు కేబుల్ మార్చి చూడండి. 100కి 1, 2, 3, 6 పిన్నుల మీదున్న రెండు తీగల జతలు చాలు, గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. 4, 5, 7, 8లో ఒక్క తీగ క్రింపింగ్‌లో (కనెక్టర్‌లో తీగలు నొక్కి బిగించడంలో) సరిగ్గా దిగకపోయినా చాలా కార్డులు 100కి దిగి లింక్ నిలబెడతాయి. టీడీఆర్ టెస్ట్ (కేబుల్‌లోకి సిగ్నల్ పంపి, తిరిగొచ్చేదాన్ని బట్టి లోపం పట్టే పరీక్ష) ఉన్న స్విచ్ అయితే ఏ జత తెగిందో, సుమారుగా ఎన్ని మీటర్ల దగ్గరో చెప్తుంది, కాకపోతే ఆ టెస్ట్ నడిచేటప్పుడు లింక్ పడిపోవచ్చు కాబట్టి ఆఫీస్ టైంలో వద్దు.

అపోహ: ఎర్రర్లు వేలల్లో ఉన్నాయి, అర్జెంట్‌గా కేబుల్ మార్చాలి.

వాస్తవం: ఆ అంకె చివరిసారి క్లియర్ చేసినప్పటి నుంచి పోగైంది. క్లియర్ కౌంటర్స్ కమాండ్‌తో లెక్క సున్నా చేసి కాసేపు ట్రాఫిక్ నడవనివ్వండి, పెరుగుతుంటేనే ఇప్పటి సమస్య. అవుట్‌పుట్ డ్రాప్స్ (పంపలేక పోర్ట్ పారేసిన డేటా) మాత్రం చాలావరకు వేరే కథ, అక్కడ బయటికి పోయే ట్రాఫిక్ పోర్ట్ మోయగలిగినదాని కంటే ఎక్కువైందని, ఎన్ని కేబుళ్ళు మార్చినా తగ్గవు.

అపోహ: ఎర్-డిజేబుల్డ్ అయితే షట్, నో షట్ కొడితే అయిపోయింది.

వాస్తవం: షట్, నో షట్ అంటే పోర్ట్‌ని ఆపి మళ్ళీ తెరిచే కమాండ్లు. ఎర్-డిజేబుల్డ్ అంటే ఏదో తేడా కనిపించి పోర్ట్‌ని స్విచ్ కావాలనే మూసింది, ఎందుకు మూసిందో షో ఇంటర్‌ఫేసెస్ స్టేటస్ ఎర్-డిజేబుల్డ్‌లో ఉంటుంది. బీపీడీయూ గార్డ్ (స్విచ్‌లు లూప్ రాకుండా పంపుకునే బీపీడీయూ అనే సందేశం రాకూడని పోర్ట్‌లో వస్తే దాన్ని మూసే రక్షణ) అని ఉంటే చాలాసార్లు టేబుల్ కింద ఎవరో చిన్న స్విచ్ పెట్టి దాని రెండు పోర్టుల్ని ఒకే కేబుల్‌తో కలిపేసి ఉంటారు, మన స్విచ్ పంపిన బీపీడీయూ తిరిగి మనకే వస్తుంది. ఆటో రికవరీ పెట్టుకుంటే డిఫాల్ట్‌గా 300 సెకన్లకి పోర్ట్ లేస్తుంది, లూప్ అలాగే ఉంటే మళ్ళీ పడుతుంది, ఆ కేబుల్ తీయించాకే నో షట్ కొట్టండి.