ఆడబిడ్డ భాగం: మనవలకు ఒక ఉత్తరం

హనుమకొండ

బిడ్డలారా,

చట్టాలు చేసేది అసెంబ్లీ, పార్లమెంటు అయితే మరి కోర్టులెందుకని మొన్న ఫోన్లో అడిగిండ్రు. రెండు ముక్కల్లో తేలేది కాదు గనుక రాస్తున్నాను. నా ఉద్యోగమంతా అదాలత్ దగ్గర వకీలు గుమాస్తాగానే గడిచింది. సివిక్స్ పుస్తకంలో ఉన్నట్టు చెప్పడం నాకు రాదు, దావా ఫైళ్లలో చూసిందే చెప్తాను.

మన దిక్కు పల్లెల నుంచి వచ్చే పంచాయితీల్లో ఎక్కువ భూమివే, అందులోనూ ఆడబిడ్డ భాగానివి. తండ్రి పోతాడు, అన్నదమ్ములు విరాసత్, అంటే తండ్రి భూమిని వారసులుగా తమ పేరు మీదికి మార్పు, చేయించుకోవాలి. అక్కచెల్లెళ్లను తహసీల్ ఆఫీసుకు పిలిచి "ఒక్క సంతకం పెట్టిపో చెల్లె, పెళ్లికి పెట్టింది పెట్టనే పెడితిమి గదా" అంటారు. పుట్టింటికి రాకపోకలు బందవుతాయన్న భయంతో ఆమె పెడుతుంది. ఆ భయం తీర్చే చట్టం ఇంతవరకు ఎవరూ రాయలేదు. భాగం ఉందా లేదా అన్నది మాత్రం రాశారు, అదీ ఒక్కసారి కాదు.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన స్వార్జితంలో కొడుకుతో సమానంగా కూతురికీ వాటా వచ్చింది. తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో మాత్రం పుట్టుకతో వచ్చే హక్కు మగపిల్లలదే. తండ్రి వంతుకు వచ్చిన దాంట్లోంచి కూతురికి ఏదో చిన్న ముక్క దక్కేది. ఈ తేడాను సరిచేయడంలో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశానికే ముందు నడిచింది. ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1986లో చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. కాకపోతే అందులో ఒక మెలిక పెట్టారు: ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతురికి ఉమ్మడి ఆస్తిలో హక్కు లేదు. ఒకే తల్లి పిల్లల్లో పెద్దక్కకు లేకుండా పోయింది, చిన్న చెల్లెకు వచ్చింది. ఈ తేదీ తెలిసి పెద్దక్కలు వకీలు ముందు మొఖం చిన్నబుచ్చుకోవడం చాలాసార్లు చూశాను.

2005 సెప్టెంబరు 9 నుంచి పార్లమెంటు సవరణ అమలులోకి వచ్చింది. పెళ్లయినా కాకున్నా కూతురు కొడుకుతో సమానమంది. అంతటితో అయిపోయిందనుకున్నాం. కానీ తండ్రి 2005 కంటే ముందే పోయి ఉంటే? చట్టంలో దానికి సూటి జవాబు లేదు. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాల్సిందేనని 2015లో సుప్రీంకోర్టే చెప్పింది. ఎన్నో దావాలు అక్కడే ఆగాయి. చివరికి 2020 ఆగస్టు 11న ముగ్గురు జడ్జిల బెంచ్ దాన్ని సరిదిద్దింది. హక్కు పుట్టుకతో వచ్చింది, తండ్రి ఆనాటికి ఉన్నాడా లేడా అన్నదానితో పనిలేదని తేల్చింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరయిన పంపకాలను, కోర్టు డిక్రీలను కదిలించకూడదు. "ఎన్నడో నోటిమాటగా పంచుకున్నం" అంటే మామూలుగా చెల్లదు, గట్టి సర్కారు కాగితం చూపించాలి. మన ఊళ్లలో పంపకాలన్నీ పెద్దమనుషుల ముందు నోటిమాటతోనే జరిగేవి కదా, ఈ ఒక్క మాటతో ఎంత తేడా వచ్చిందో చూడండి.

ఒక్క వాక్యానికి అర్థం తేలడానికి పదిహేనేళ్లు పట్టింది. ఆ పదిహేనేళ్లూ పేషీలకు తిరిగింది ఎవరో ఒక కూతురే. అడిగిన మనిషి లేకపోతే కోర్టు తనంతట తాను ఇంటికొచ్చి భాగం పంచిపెట్టదు.

చిన్నోడా, నీ చదువు సంగతి దీనికి ఉల్టాగా నడిచింది. పద్నాలుగేళ్ల వరకు చదువు పిల్లల ప్రాథమిక హక్కని ముందు సుప్రీంకోర్టు చెప్పింది, 1993లో, అదీ మన రాష్ట్రం మీద వేసిన ఉన్నికృష్ణన్ కేసులోనే. రాజ్యాంగంలో ఆ మాట చేరింది 2002లో, విద్యాహక్కు చట్టం వచ్చింది 2009లో.

కోర్టు ఎప్పుడూ కాపాడుతుందని మాత్రం అనుకోకండి. ఎమర్జెన్సీలో, 1976లో, అక్రమంగా జైల్లో పెట్టినా కోర్టుకు పోయే వీలు లేదని అయిదుగురు జడ్జిల్లో నలుగురు అన్నారు. కాదన్నది హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. ఆ తర్వాత ఆయనకు రావలసిన ప్రధాన న్యాయమూర్తి పదవి రాలేదు. 1978లో పార్లమెంటే 44వ సవరణ చేసి, ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించిన 21వ అధికరణాన్ని ఎమర్జెన్సీలోనూ ఆపడానికి వీల్లేకుండా చేసింది. ఆ పాత తీర్పు తప్పని కోర్టు తానుగా ఒప్పుకున్నది 2017లో. ఖన్నాగారి పేరు గుర్తుంచుకోండి, పరీక్షలో రాకపోయినా.

పెద్దపిల్లా, నువ్వడిగిన అరెస్టు ముచ్చట ఇది. పట్టుకున్న మనిషిని, ప్రయాణానికి పట్టే సమయం తీసేస్తే, 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఎందుకు పట్టుకున్నారో చెప్పాలి, వకీలుతో మాట్లాడనివ్వాలి. ఆదివారమైతే మెజిస్ట్రేటు ఇంటికైనా తీసుకుపోతారు.

వకీలు ఫీజు కట్టలేకపోతే కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోవచ్చు, 15100కు ఫోనైనా చేయవచ్చు. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా వకీలును ఇస్తారు. దావాలను రాజీతో తెంపే లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు కూడా వాపసు వస్తుంది. కానీ ఆ రాజీ మీద అప్పీలు ఉండదు. మీ మేనత్త తన భూమి పంచాయితీలో వచ్చే నెల రాజీకి కూర్చుంటానంటున్నది. ఆ కాగితం ముందుగా నాకు పంపమని చెప్పండి, సర్వే నంబర్లు పాసుపుస్తకంతో సరిచూస్తాను.

మీ తాత