పన్ను కోసం వెతికితే ఏం దొరుకుతుంది?

"కంప్యూటర్‌లో ఏ మాట కొట్టినా పుస్తకాలు వచ్చేస్తున్నాయి కదా, ఇంకా ఈ విషయ శీర్షికలు ఎందుకు?" అని ఒక పాఠకుడు అడిగారు. విషయ శీర్షిక అంటే పుస్తకం దేని గురించో చెప్పడానికి లైబ్రరీ కేటలాగులో పెట్టే మాట. నాకు చాలా ఇష్టమైన ప్రశ్న. జవాబు ఒక చిన్న తెలుగు మాటలో దాగుంది: పన్ను.

లైబ్రరీ కేటలాగులో 'పన్ను' అని వెతకండి. ఆదాయపు పన్ను పుస్తకమూ వస్తుంది, పిప్పి పన్ను పుస్తకమూ వస్తుంది. బహువచనం చేస్తే విడిపోతాయి అనుకుంటాం. నిజమే, ప్రభుత్వానికి కట్టేవి పన్నులు, నోట్లో ఉండేవి పళ్ళు. కానీ ఆ పళ్ళు వెళ్ళి చెట్టుకు కాసే పళ్ళతో కలిసిపోయాయి! పోనీ చెట్టువాటిని 'పండ్లు' అందామా? దంతాలను కూడా పండ్లు అనేవాళ్ళున్నారు. పైగా ళకారం కింద ళ వత్తు పెట్టి 'పళ్ళు' అని కొందరు, ల వత్తు పెట్టి 'పళ్లు' అని కొందరు రాస్తారు. అక్షరాలను మాత్రమే పోల్చే యంత్రానికి ఇవి రెండు వేర్వేరు మాటలు. ఇక పేరులో 'దంతం' అనో 'రదనం' అనో ఉన్న పుస్తకం, పన్ను అని వెతికినవాళ్ళకు కనబడనే కనబడదు.

కేటలాగు తయారుచేసే కేటలాగర్ ఈ చిక్కును విప్పుతారు. ఒక్కో అర్థానికి ఒక్కో మాట ఖాయం చేస్తారు: నోటిలోవి 'దంతాలు', ప్రభుత్వానివి 'పన్నులు', చెట్టువి 'పండ్లు (ఫలాలు)'. రదనం దగ్గర 'దంతాలు చూడండి' అని దారి చూపిస్తారు.

అయితే పుస్తకం దేని గురించో ముందు తెలియాలి. 'చిరునవ్వు వెనక' అని ఒక పుస్తకం ఉందనుకుందాం. పేరు చూస్తే నవల. ముందుమాట, విషయసూచిక తిరగేస్తే చిగుళ్ళ జబ్బుల గురించి. కేటలాగింగ్ తరగతిలో చుక్కలు, కామాల నియమాల కంటే ముందు ఈ తిరగేయడం నేర్పాలని నా గట్టి నమ్మకం. ఈ పుస్తకానికి 'దంతాలు' అనో 'వైద్యం' అనో పెట్టకూడదు, 'చిగుళ్ళు—వ్యాధులు' అనాలి. 1876లో అమెరికన్ గ్రంథపాలకుడు చార్లెస్ కట్టర్ చెప్పిన సూత్రం ఇదే: పిల్లి గురించిన పుస్తకాన్ని పిల్లి కిందే పెట్టాలి, జంతుశాస్త్రం కింద కాదు. మరి లోపల ఒక పేజీలో లవంగ నూనె ప్రస్తావన ఉంటే? దానికి శీర్షిక ఇవ్వరు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నియమం ప్రకారం పుస్తకంలో కనీసం 20 శాతం ఆక్రమించిన విషయానికే శీర్షిక.

శీర్షికను ముక్కలుగా పేర్చడం ఇంకా అందమైన పని. 'పన్నులు—ఫ్రాన్స్—చరిత్ర—18వ శతాబ్దం': విషయం, చోటు, కోణం, కాలం. పుస్తకాల వివరాలను కంప్యూటర్‌లో దాచే పద్ధతి మార్క్ 21. ఆ రికార్డులో ఇది విషయానికి కేటాయించిన గడి, అంటే 650 ఫీల్డులోకి వెళ్తుంది. పన్నులు 'ఏ' సబ్‌ఫీల్డులో (ఆ గడిలోని చిన్న అరలో), ఫ్రాన్స్ 'జడ్'లో, చరిత్ర 'ఎక్స్'లో, శతాబ్దం 'వై'లో. నిఘంటువులాంటి రూపం ఉంటే 'వీ'లో.

భారతీయ గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ ఇంకో దారి చూపించారు. అలమరలో పుస్తకం చోటు చెప్పే వర్గ సంఖ్య ఎలాగూ వేస్తున్నాం కదా, దాన్నే గొలుసులా వెనక్కి చదివితే శీర్షికలు పుట్టుకొస్తాయన్నారు. డ్యూయీ వర్గీకరణ పద్ధతిలోని సంఖ్య 617.6 తీసుకోండి. వెనక్కి చదివితే దంతవైద్యం, శస్త్రచికిత్స, వైద్యం. ఏ కొస పట్టుకుని వచ్చినా పుస్తకం చేతికందుతుంది. అలమరలో పుస్తకానికి ఒకటే చోటు. దంత నిర్మాణం 611లో, దంతవైద్యం 617.6లో విడివిడిగా ఉంటాయి. కేటలాగులో మాత్రం 'దంతాలు—నిర్మాణం', 'దంతాలు—వ్యాధులు' పక్కపక్కనే నిలబడతాయి.

ఎంచుకున్న మాట శాశ్వతం కాదు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఏళ్ళ తరబడి వంటకు 'కుకరీ' అనే మాట వాడి, 2010లో జనం వాడే 'కుకింగ్'కు మారింది. రేపు తెలుగులో 'దంతాలు' మరీ పుస్తకాల మాటలా ఉంది, 'పళ్ళు (దంతాలు)' అందాం అనుకున్నా ఇబ్బంది లేదు. శీర్షికలను ఆథారిటీ రికార్డులకు (ఖాయం చేసిన మాటను నమోదుచేసే రికార్డులకు) ముడిపెట్టిన కేటలాగులో ఆ ఒక్క రికార్డు దిద్దితే చాలు, దానికి ముడిపడిన పుస్తకాలన్నీ కొత్త మాట కిందికి వచ్చేస్తాయి. పాత మాట దగ్గర 'పళ్ళు (దంతాలు) చూడండి' అని ఉంటుంది.