ఓపెన్ సోర్స్‌కు కోడ్ పంపడం: అపోహలు, వాస్తవాలు

కొన్నేళ్లుగా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు, అంటే కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులకు, కోడ్ పంపుతున్నాను. ఒక చిన్న ప్రాజెక్టుకు మెయింటైనర్‌గా, ఇతరులు పంపే కోడ్‌ను పరిశీలించి చేర్చుకునే పనీ చేస్తున్నాను. అడిగే చేయి, ఇచ్చే చేయి రెండూ నావే కావడంతో కొత్తవాళ్లు ఎక్కడ తడబడతారో బాగా తెలిసింది.

అపోహ: ఇది ఆరితేరిన ప్రోగ్రామర్లకే సాధ్యం.

కాదు. నా మొదటి మార్పు ఒక ఎర్రర్ సందేశంలో పడిపోయిన అక్షరాన్ని చేర్చడం, అంతే. చాలా ప్రాజెక్టులు తేలికైన పనులకు 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' అనే గుర్తు తగిలిస్తాయి. అయితే చిన్న మార్పు వేరు, పనికిరాని మార్పు వేరు. ఏటా అక్టోబరులో ఓపెన్ సోర్స్‌కు కోడ్ పంపమని ప్రోత్సహించే హాక్టోబర్‌ఫెస్ట్‌లో, 2020లో టీషర్టు కోసం అర్థం లేని పుల్ రిక్వెస్టులు (నా మార్పును చేర్చుకోండి అనే అభ్యర్థనలు) వెల్లువెత్తాయి. చివరికి నిర్వాహకులు నిబంధన మార్చి, తమంతట తాము ముందుకొచ్చిన ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకున్నారు.

అపోహ: కోడ్ అందరిదీ కాబట్టి నేను పంపినది తీసుకోవాల్సిందే.

లైసెన్స్ మీకు ఇచ్చేది కోడ్‌ను వాడుకునే, మార్చుకునే, పంచుకునే హక్కు. మీ మార్పును చేర్చుకోవాలన్న షరతు అందులో ఎక్కడా ఉండదు. కోట్ల పరికరాల్లో ఉన్న ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌నే చూడండి. దాని కోడ్ పబ్లిక్ డొమైన్‌లో ఉంది, అంటే దాని మీద ఎవరికీ కాపీరైట్ లేదు, కానీ బయటివాళ్లు పంపే ప్యాచ్‌లను (కోడ్ మార్పులను) సాధారణంగా తీసుకోరు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి లినక్స్ కెర్నల్ తీసుకుంటుంది, అదీ ఈమెయిల్‌లో పంపితేనే. పైగా ఆ కోడ్‌ను ఇచ్చే హక్కు నాకుందని చెప్పే 'సైన్డ్ ఆఫ్ బై' వరుస కింద ఉండాలి. ఏ ఇంటి పద్ధతి ఆ ఇంటిది. కంట్రిబ్యూటింగ్ అనే ఫైలు ఉంటే ముందు అది చదవండి. చదవకుండా పంపినవాళ్లను మొదటి వరుసలోనే గుర్తుపట్టగలను.

అపోహ: మార్పు ఎంత పెద్దదైతే పేరు అంత పెద్దది.

దీనికి నేనే బలయ్యాను. ఒక ప్రాజెక్టులో సెట్టింగులు చదివే భాగం చిందరవందరగా ఉందనిపించి, రెండు వారాలు కూర్చుని మొత్తం తిరగరాశాను. పద్నాలుగు వందల వరుసలు. ఎవరినీ ఒక్క మాట అడగలేదు. మెయింటైనర్ ఎంతో మర్యాదగా ఒకే ప్రశ్న వేశారు: "రేపటి నుంచి దీన్ని ఎవరు చూసుకుంటారు?" నా దగ్గర జవాబు లేదు. ఆ పుల్ రిక్వెస్ట్‌ను నేనే మూసేశాను. నేను బహుమతి అనుకుని పంపింది ఆయనకు బరువు. నేను వెళ్లిపోయినా ఆ కోడ్ అక్కడే ఉంటుంది, దానిలోని బగ్‌లకు ఆయనే జవాబు చెప్పాలి.

అప్పటి నుంచి నా వరస మారింది. ముందు బగ్‌ను నా కంప్యూటర్‌లో మళ్లీ పుట్టిస్తాను. ప్రాజెక్టు పేజీలో ఇష్యూ (సమస్య నమోదు) తెరిచి, ఇలా సరిచేద్దామనుకుంటున్నాను, సరేనా అని అడుగుతాను. ఫోర్క్ చేసి, అంటే ప్రాజెక్టుకు నా సొంత నకలు తీసుకుని, ఆ ఒక్క పనికే ఒక బ్రాంచ్ (విడి శాఖ) తీస్తాను. దారిలో వేరే తప్పు కనిపిస్తే చేయి దురద పెట్టినా ముట్టుకోను, అది ఇంకో పుల్ రిక్వెస్ట్. పాత కోడ్ మీద విఫలమై, కొత్త కోడ్ మీద నెగ్గే టెస్టు ఒకటి జత చేస్తాను. మార్పుతో పాటు రాసే కమిట్ సందేశంలో ఏమి మార్చానో కన్నా ఎందుకు మార్చానో రాస్తాను. ఏమి మారిందో కోడే చూపిస్తుంది కదా. ఖాళీలు, ఇండెంట్లు సర్దిన మూడు వందల వరుసల మధ్య అసలు మార్పు రెండు వరుసలు దాచి పంపేవాళ్లు ఉంటారు. వాళ్ల మీద నాకున్న కోపం ఇక్కడ రాయదగినది కాదు.

అపోహ: జవాబు ఆలస్యమైతే తిరస్కరించినట్టే.

చాలా మెయింటైనర్లకు ఇది జీతం లేని పని. ఇంటర్నెట్‌లో పెద్ద భాగం ఆధారపడిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌ను వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే నడుపుతున్నారని లోకానికి తెలిసింది 2014లో, అందులో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడ్డాకే. తొందరపెట్టడం వల్ల ఇంకో చిక్కూ ఉంది. 2024లో ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్‌లో దొంగదారి పెట్టిన వ్యక్తి, అంతకు ముందు కొన్నేళ్లు ఓపికగా కోడ్ పంపి నమ్మకం సంపాదించుకున్నాడు. పనిభారంతో అలసిన మెయింటైనర్‌ను ఇంకా ఎందుకు చేర్చుకోరని వేరే పేర్లతో ఒత్తిడి పెట్టిన సందేశాలూ ఉన్నాయి. కాబట్టి గట్టిగా తలుపు కొట్టేవాళ్లను ఇప్పుడు ఇంకాస్త అనుమానంగానే చూస్తారు. రెండు వారాలు ఆగి, ఒక్కసారి మర్యాదగా గుర్తుచేస్తే చాలు. రివ్యూలో ఇరవై వ్యాఖ్యలు వచ్చాయా? సంతోషించండి, పనికిరానిదైతే అంత సమయం పెట్టరు.

అపోహ: కృత్రిమ మేధ రాసిచ్చింది అలాగే పంపేయవచ్చు.

జెంటూ, నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టులు 2024లోనే దీని మీద నియమం పెట్టాయి: జెంటూ ఇలాంటి కోడ్ వద్దంది, నెట్‌బీఎస్‌డీ ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా వద్దంది. అనుమతించే చోటైనా, ఈ వరుస ఎందుకుందని అడిగితే జవాబు చెప్పాల్సింది మీరే.

అపోహ: మెర్జ్ అయితే, అంటే నా మార్పు ప్రాజెక్టులో కలిస్తే, నా పని అయిపోయింది.

నేను సరిచేసిన ఒక ఫంక్షన్, ఫోల్డర్ పేరులో ఖాళీ ఉంటే పనిచేయడం లేదని ఎనిమిది నెలల తర్వాత ఎవరో ఇష్యూ తెరిచారు. మెయింటైనర్ నా పేరు జతచేశారు. ఆ సాయంత్రమే ఒక వరుస మార్చి, దానికో టెస్టు రాసి పంపాను.