ముక్క గట్టిదే, అతుకు సంగతేంటి?

హైదరాబాద్ దాటి శంకర్‌పల్లి వైపో షాద్‌నగర్ వైపో వెళ్తే ప్లాట్ల చుట్టూ ఎక్కడ చూసినా రెడీమేడ్ కాంపౌండ్ గోడలే. గాడి ఉన్న కాంక్రీట్ స్తంభాలు పాతి, ఆ గాడిలోకి పైనుంచి పలకలు ఒకదాని మీద ఒకటి దించేస్తారు, ఇటుక పేర్చేది లేదు, రోజుల తరబడి నీళ్లు కొట్టేది అంతకన్నా లేదు. ప్రీఫ్యాబ్ అంటే ఇంతే, ముక్కలు ముందే ఫ్యాక్టరీలో చేయించి తెచ్చి సైట్‌లో బిగించడం. మాడ్యులర్ అయితే ఇంకో మెట్టు పైకి: వైర్లు, పైపులు, టైల్స్‌తో సహా గది మొత్తం ఫ్యాక్టరీలోనే తయారై లారీ ఎక్కి వస్తుంది.

ఇక్కడ పునాది తవ్వుతుండగానే అక్కడ గదులు సిద్ధమవుతుంటాయి కాబట్టి టైమ్ బాగా కలిసొస్తుంది. 1851లో లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్ అనే పెద్ద ఎగ్జిబిషన్ భవనాన్ని నెలల్లోనే నిలబెట్టారంటే కారణం ఇదే, అద్దాలూ ఇనుప భాగాలూ ఒకే కొలతల్లో చేయించి తెచ్చి బిగించారు. మన ప్రభుత్వం కూడా 1948లోనే ఢిల్లీలో ఇలాంటి ఇళ్ల ఫ్యాక్టరీ పెట్టింది.

హైదరాబాద్‌లో మనం రోజూ చూసేది మెట్రో. ఉప్పల్, కుత్బుల్లాపూర్ యార్డుల్లో వంతెన ముక్కలు పోతపోసి, ట్రైలర్ల మీద తెచ్చి, వరసగా పేర్చి, మధ్యలో ఎపాక్సీ అనే గట్టి జిగురు పూసి, లోపల్నుంచి ఉక్కు తీగలు దూర్చి జాకీలతో బిగలాగారు. ఆ బిగింపు వల్లే విడివిడి ముక్కలు ఒకే దూలంలా బరువు మోస్తాయి.

అందుకే, "ఫ్యాక్టరీలో చేసింది గట్టిగా ఉంటుందా?" అని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, ముక్క గట్టిగానే ఉంటుంది, అతుకు గురించి అడగండి. 1968 మే నెలలో లండన్‌లో ఫ్యాక్టరీ పలకలతోనే కట్టిన రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల బిల్డింగ్‌లో, 18వ అంతస్తులో ఒకావిడ పొద్దున్నే టీ కోసం స్టవ్ వెలిగిస్తే గ్యాస్ పేలింది. పై బరువు మోసే గోడ పలకలు బయటికి ఎగిరిపోయాయి, వాటి మీదున్న అంతస్తుల మూల కూలింది, ఆ బరువుకి కింద మూల కూడా పేకమేడలా దిగిపోయింది. నలుగురు చనిపోయారు, ఆవిడ మాత్రం బతికి బయటపడింది. 1986లో ఆ బిల్డింగ్ విప్పుతుంటే కొన్ని అతుకుల్లో మోర్టార్ (సిమెంట్, ఇసుక కలిపిన మాలు) సరిగ్గా నింపకుండా న్యూస్‌పేపర్లు కుక్కిన సంగతి బయటపడింది!

అంత ప్రమాదం దాకా వెళ్లక్కర్లేదు, అతుకుల్లో సందులు మూసే సీలెంట్ పాడైతే వానాకాలంలో నీళ్లు ముందు దిగేది అక్కడి నుంచే. ఇక మే నెలలో ఉత్త రేకుల క్యాబిన్‌లో కూర్చోవడం నరకం. రెండు రేకుల మధ్య ఫోమ్ నింపిన పఫ్ ప్యానెల్ అయితే చాలా నయం, ఖరీదు కాస్త ఎక్కువైనా.

ఫామ్‌హౌస్‌కి కంటైనర్ ఇల్లు కొందామనుకునేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. కంటైనర్ వెడల్పు 8 అడుగులే, లోపల ప్యానెళ్లు కొడితే ఇంకా తగ్గుతుంది, డబుల్ కాట్ వేశాక పక్కనుంచి నడవడమే కష్టం. పెద్ద గది కావాలంటే రెండింటిని కలపాల్సిందే, అంటే మళ్లీ అతుకే. అడ్వాన్స్ ఇచ్చేముందు ప్లాట్ దాకా ట్రైలర్ వస్తుందా, క్రేన్ తిరగడానికి చోటుందా, పైన కరెంటు తీగలేమైనా అడ్డున్నాయా చూసుకోండి.