ఆ మిగిలిన ఒక్క శాతం: కార్బన్ డయాక్సైడ్ రవాణాపై అపోహలు - వాస్తవాలు

పైపులకు తుప్పు ఎందుకు పడుతుందో చూడటం నా పని. ఉండేది గాజువాకలో. మా మేడ ఎక్కితే ఒకవైపు స్టీల్ ప్లాంటు, ఇంకోవైపు రిఫైనరీ పొగగొట్టాలు కనిపిస్తాయి. అందుకే సాయంత్రం వాకింగ్‌లో ఎవరో ఒకరు అడుగుతుంటారు: "ఆ పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ని పట్టి భూమిలో దాచేస్తారట, నిజమేనా అండీ?" నిజమే, కొన్ని దేశాల్లో ఎప్పటినుంచో చేస్తున్నారు. కానీ ఆ వెంటనే వచ్చే మాటల్లోనే తప్పులు దొర్లుతుంటాయి.

అపోహ: ఎక్కడ పట్టుకుంటే అక్కడే బోరు వేసి దింపేయొచ్చు.

మన కాళ్ల కింద ఉన్నది ఖోండలైట్. సింహాచలం కొండా కైలాసగిరీ అదే రాయి. గ్యాస్ ఇమిడేంత సందు దాంట్లో లేదు. సాధారణంగా 800 మీటర్ల కంటే లోతున, రంధ్రాలున్న ఇసుకరాయి ఉండాలి. దాని మీద మూతలా షేల్ లాంటి బిగువైన రాయి ఉండాలి. అలాంటి పొరలు కృష్ణా-గోదావరి బేసిన్ వైపు ఉన్నాయి. అంటే పైపులోనో ఓడలోనో పంపాల్సిందే.

అపోహ: 99 శాతం శుద్ధంగా ఉంటే ఇంకేం కావాలి?

మిగిలిన ఆ ఒక్క శాతం మలినాలే. ఒక్క శాతం అంటే 10,000 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో పది వేలు. నార్వేలో ఓడల మీద ద్రవరూపంలో కార్బన్ డయాక్సైడ్ తీసుకునే నార్తర్న్ లైట్స్ ప్రాజెక్టు పెట్టిన హద్దులు చూడండి: నీరు 30 పీపీఎం, ఆక్సిజన్ 10, సల్ఫర్ ఆక్సైడ్లు 10, హైడ్రోజన్ సల్ఫైడ్ 9. నైట్రోజన్ ఆక్సైడ్లకు మొదట 10 అన్నారు, తర్వాత 1.5కి దించారు. మరోపక్క అమెరికాలోని నార్త్ డకోటా నుంచి కెనడాలోని వేబర్న్ చమురు క్షేత్రానికి 2000 సంవత్సరం నుంచి దాదాపు 320 కిలోమీటర్ల పైపులో వెళ్లిన కార్బన్ డయాక్సైడ్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ ఒక శాతం దాకా ఉంది. అక్కడ ఒక శాతం నడిచింది, నార్వేలో 9 పీపీఎం దాటకూడదు! వేబర్న్ గ్యాస్ బాగా ఎండినది. బొగ్గును గ్యాస్‌గా మార్చే ప్లాంటు నుంచి వస్తుంది కాబట్టి ఆక్సిజన్, నైట్రోజన్ ఆక్సైడ్ల బెడద దాదాపు లేదు. ఎంత ఉందన్నదానికంటే పక్కన ఎవరున్నారన్నదే అసలు లెక్క.

విడివిడిగా చూస్తే అందరూ బుద్ధిమంతులే. పైపులైన్ ఒత్తిడిలో, మన ఊరి ఉష్ణోగ్రతలో, శుద్ధమైన కార్బన్ డయాక్సైడ్ 1000 పీపీఎం పైన నీటిని కూడా తనలో కరిగించుకుని ఊరుకుంటుంది. నీరు విడిగా చుక్క కట్టనంతవరకు ఇనుముకు పెద్ద ప్రమాదం లేదు. అందులోకి సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్ కొద్దికొద్దిగా చేరితే కథ మారిపోతుంది. ఆ కాస్త నీటితోనే సల్ఫ్యూరిక్ యాసిడ్ తయారై, చుక్కగా విడిపోయి పైపు అడుగున కూర్చుంటుంది. పూర్వం సీసపు గదుల్లో యాసిడ్ చేసిన కెమిస్ట్రీ ఇదే. ఒకసారి ఇలాంటి మిశ్రమంలో కొన్ని రోజులు ఉంచిన స్టీల్ ముక్కను ఆటోక్లేవ్ (ఎక్కువ ఒత్తిడిని తట్టుకునే మూసిన పాత్ర) నుంచి బయటికి తీశాను. మేం దాన్ని కూపన్ అంటాం. పెట్టినప్పుడు అద్దంలా ఉన్నది నల్లబడింది. కింది అంచున పసుపు దులిపినట్టు పొడి. హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా కలిపాం కదా, అది ఆక్సీకరణమై సల్ఫర్‌గా రాలింది. ఆ పొడి వాల్వుల్లో, ఫిల్టర్లలో పేరుకుంటే వేరే గొడవ.

ల్యాబ్ రిపోర్టును కూడా గుడ్డిగా నమ్మొద్దు. శాంపిల్ సిలిండర్ గోడలకే ఈ వాయువులు అంటుకుపోతాయి. రెండు రోజుల తర్వాత పరీక్షిస్తే గ్యాస్ మల్లెపువ్వులా కనిపిస్తుంది.

అపోహ: నైట్రోజన్ జడవాయువు, ఉన్నా నష్టం లేదు.

తుప్పు విషయంలో నిజమే. కానీ బట్టల కొట్లో గుడ్డ చించడం చూశారా? అంచున చిన్న గాటు పెట్టి లాగితే సర్రున పోతుంది. పైపూ అలాగే చిరగొచ్చు. చీలిక పడగానే లోపలి ఒత్తిడి దబ్బున పడి, ఒత్తిడికి ద్రవంలా ఉన్న కార్బన్ డయాక్సైడ్ మరగడం మొదలయ్యే దగ్గర కాసేపు నిలబడుతుంది. చీలిక మొనను ముందుకు తోసేది ఆ నిలబడిన ఒత్తిడే. శుద్ధమైన గ్యాస్‌కు 20 డిగ్రీల దగ్గర అది 57 బార్లు, అంటే మామూలు గాలి ఒత్తిడికి యాభై రెట్ల పైనే. నైట్రోజన్, హైడ్రోజన్ లాంటివి కలిస్తే ఆ అంకె పైకి ఎగబాకుతుంది. చిరుగు ఆగాలంటే గోడ మందమో, స్టీల్ గట్టిదనమో పెంచాలి, ఖర్చూ పెరుగుతుంది. ముడి ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేస్ కొలిమి గ్యాస్‌లో సగం దాకా నైట్రోజనే కాబట్టి, కార్బన్ డయాక్సైడ్‌ను వేరుచేసేటప్పుడు మన స్టీల్ ఊళ్లకు ఇది పైకి కనిపించినంత చిన్న సంగతి కాదు.

అపోహ: సోడాలో కలిపే గ్యాసేగా, లీకైతే ఏమవుతుంది?

గాలికంటే సుమారు ఒకటిన్నర రెట్లు బరువు. పల్లంలో నిలుస్తుంది. 2020 ఫిబ్రవరిలో అమెరికాలోని మిసిసిపీలో సటార్షియా ఊరి దగ్గర వానలకు నేల జారి పైపు తెగింది. జనం ఆసుపత్రి పాలయ్యారు, కార్ల ఇంజన్లు ఆగిపోయాయి. ఆ తప్పు మలినాలది కాదు, నేలది. బరువైన ఆవిరి నేలబారుగా పాకితే ఎలా ఉంటుందో అదే ఏడాది మే 7న విశాఖలో ఎల్జీ పాలిమర్స్ లీకైనప్పుడు వెంకటాపురం వైపు మనమూ చూశాం. అది స్టైరీన్, ఇది వేరు. పాకే తీరు మాత్రం ఒకటే.

అపోహ: కిందికి దిగాక మలినాలతో పనేముంది?

నైట్రోజన్, ఆర్గాన్ రాతి రంధ్రాల్లో చోటు ఆక్రమిస్తాయి. పైగా మొత్తం మిశ్రమం సాంద్రత తగ్గిస్తాయి. అందుకే వాటి శాతానికి మించి చోటు పోతుంది. ఆక్సిజన్ బావి గొట్టాలను తింటుంది. అన్నీ చెడ్డవే అనుకోకండి: ఐస్‌లాండ్‌లోని కార్బ్‌ఫిక్స్ ప్రాజెక్టులో హైడ్రోజన్ సల్ఫైడ్‌ను కూడా కలిపి నీటిలో కరిగించి బసాల్ట్ అనే అగ్నిశిలలోకి పంపుతారు. అది పైరైట్‌గా (ఇనుము, సల్ఫర్ కలిసిన ఖనిజం) రాయిలో కలిసిపోతుంది.

మరి గ్యాస్‌ను ఎంత ఎండబెడితే అంత మంచిదా? పైపుకు అవును. బావి అడుగున మాత్రం ఆ ఎండు గ్యాస్ రాతిలోని ఉప్పునీటిని పీల్చేసుకుంటుంది. నౌపడ ఉప్పు మడుల్లో ఎండకు జరిగేదే అక్కడ చీకట్లో జరుగుతుంది. ఉప్పు గట్టిపడి రంధ్రాలు మూసుకుపోతాయి. అప్పుడు పంపింగ్ ఆపి, అదే బావిలోకి మంచినీళ్లు పంపి కడగాల్సి వస్తుంది.