పర్లాకిమిడి షార్ట్ ఫిలింల వెనక నూరేళ్ల మాట

స్క్రిప్టులో డైలాగు ఇలా ఉంది: “వెళ్లొద్దు నాయనా, నువ్వు లేకుండా ఈ తల్లి ఎలా బతుకుతుంది?”

పర్లాకిమిడిలో ఒక పెంకుటింటి వంటగది. సూరత్ మరమగ్గాల పనికి బయల్దేరిన కొడుకును తల్లి ఆపే సీను. సెల్‌ఫోనే కెమెరా. ఫ్యాను చప్పుడు మైకులో పడుతోందని ఆపేశారు, అందరికీ చెమటలు కారిపోతున్నాయి. తల్లి వేషం వేసినావిడ నటి కాదు, మార్కెట్లో ఆకుకూరలు అమ్ముకునే మనిషి. ఆవిడ పెద్దకొడుకు నిజంగానే సూరత్‌లో ఉన్నాడు. రెండు టేకులు పాడయ్యాయి. మూడోసారి ఆవిడ మధ్యలోనే ఆగిపోయి, “ఇలాగ మేం అనం బాబూ” అంది.

“మరేమంటారమ్మా?” అన్నాడు డైరెక్టరు కుర్రాడు.

“ఏటంతాం? తినేసి ఎల్లమంతాం.”

డైలాగు తీసేశారు. ఆవిడ చద్దన్నం కంచం కొడుకు ముందు పెట్టింది. వాడు తింటున్నంతసేపూ మరమరాలు కవర్లో పోసి మూతి ముడేసింది, విప్పింది, ఇంకో గుప్పెడు పోసి మళ్లీ ముడేసింది. గోడకున్న ఛార్జరు పీకి బ్యాగు పక్క జేబులో పెట్టింది. కెమెరా ఆవిడ చేతుల మీదే ఉంది. తలుపు దగ్గర నిలబడ్డ నాకు గొంతు పట్టేసింది.

ఒడిశా సరిహద్దు జిల్లాల్లో తెలుగు కుర్రాళ్లు ఇప్పుడు తీస్తున్న షార్ట్ ఫిలింలలో నాకు నచ్చేది ఇదే. మనుషులు తమ మాట తాము మాట్లాడతారు. ఆ మాట కెమెరా దాకా రావడానికి నూరేళ్లకు పైగా పట్టింది. ఆ దారి చెబుదామనే ఇది రాస్తున్నాను.

గిడుగు రామమూర్తి 1880లో ఈ ఊరి రాజావారి బడిలో టీచరుగా చేరారు. కొండల మీంచి దిగివచ్చే సవర ఆదివాసీల మాట ఆయన చెవిన పడింది. లిపి లేని ఆ భాషను నేర్చుకోవడానికి అది తెలిసినవాణ్ని ఇంట్లోనే పెట్టుకున్నారు, మాటలు రాసుకున్నారు, సొంత ఖర్చుతో సవర పిల్లలకు చదువు చెప్పించారు. తర్వాత గ్రాంథికం మీద ఆయన చేసిన పోరాటం అందరికీ తెలిసిందే. నాకెప్పుడూ అనిపించేదేమిటంటే, ఆ పోరాటానికి బలం సవర నేర్చుకోవడంలోనే వచ్చి ఉంటుంది. పుస్తకమే లేని భాషలో కూడా మనిషి ఏడుస్తాడు, నవ్వుతాడు, బేరమాడతాడు అని దగ్గర్నుంచి చూసినవాడికి, నోటి తెలుగు తక్కువదంటే ఒప్పుకోబుద్ధి కాదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైంది. పర్లాకిమిడి జమీ రెండు ముక్కలై, ఊరు ఒడిశాలో, పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసు రాష్ట్రంలో మిగిలాయి. గిడుగు ఈ ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఒడియాలో మొదటి టాకీ వచ్చింది కూడా ఆ ఏడాదే. గుణుపురం వైపు సవరల కోసం మంగేయి గొమాంగో సొరాంగ్ సొంపెంగ్ లిపి తయారుచేసిందీ 1936లోనే. ఒక్క ఏడాదిలో ఈ ప్రాంతంలో భాషల లెక్క అంతా మారిపోయింది.

ఆ మార్పు ఇళ్లల్లోకి నెమ్మదిగా వచ్చింది. పెద్దవాళ్లు తెలుగు మీడియంలో చదివారు. తర్వాతి పిల్లలు ఒడియా మీడియంలోకి వెళ్లారు, ఉద్యోగాలు అటే ఉన్నాయి కాబట్టి అందులో తప్పు పట్టేదేమీ లేదు. ఇవాళ పర్లాకిమిడిలో, గుణుపురంలో, రాయగడలో, బరంపురంలో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, తెలుగు అక్షరం చదవలేని కుర్రాళ్లు బోలెడంతమంది. వాళ్లకు తెలుగు కథ, నవల, పేపరు అన్నీ మూసేసిన తలుపులే. తెరిచి ఉన్నది చెవి ఒక్కటే. అందుకే షార్ట్ ఫిలిం వాళ్లకు కాలక్షేపం కన్నా ఎక్కువ. వాళ్ల భాషలో వాళ్లు రాయగలిగిన కథ అదొక్కటే.

చెవితో వినే సామాజిక కథ ఇక్కడ కొత్తదేమీ కాదు. సిక్కోలు (శ్రీకాకుళం) పల్లెల్లో జముకుల కథ ఉండేది. జముకు అనే వాద్యం వాయిస్తూ ఒకరు కథ చెబితే పక్కవాళ్లు వంత పాడేవారు. ఒడియా కుటుంబంలో పుట్టిన సుబ్బారావు పాణిగ్రాహి సోంపేట ప్రాంతంలో తెలుగులో జముకుల కథలు కట్టి రైతుకూలీల బతుకు పాడాడు. 1969 డిసెంబరులో శ్రీకాకుళ ఉద్యమంలో ప్రాణం పోగొట్టుకున్నాడు. అంతకుముందు, 1943లో మొదలైన ప్రజానాట్యమండలి బుర్రకథను ఇదే పనికి వాడుకుంది. దీపం వెలుగులో ఓ గంటసేపు, పక్క ఊరి కథ, మన యాసలో. ఇప్పటి షార్ట్ ఫిలింకు అమ్మమ్మ ఎవరంటే నేను జముకుల కథనే చూపిస్తాను.

తెర మీద చిన్న సినిమా మాత్రం ప్రభుత్వం వైపు నుంచి వచ్చింది. 1948లో ఫిలిమ్స్ డివిజన్ పెట్టారు. అసలు సినిమాకు ముందు హాలువాళ్లు దాని రీలు వేసి తీరాల్సి వచ్చేది. ఆనకట్టలు, టీకాలు, వరదలు, కుటుంబ నియంత్రణ. అందులో మంచి దర్శకులు పనిచేశారు, మంచి చిత్రాలూ వచ్చాయి. కానీ ఆ గొంతు పైనుంచి వచ్చేది. జనానికి ఏం చేయాలో చెప్పేది, జనాన్ని ఏమీ అడిగేది కాదు. సొంతంగా అడగబోయినవాళ్లకు సెన్సారు అడ్డొచ్చేది. హిందీ రచయిత, దర్శకుడు కె.ఎ. అబ్బాస్ 1968లో నాలుగు మహానగరాల్లో ఉన్నోళ్ల బతుకును, లేనోళ్ల బతుకును పక్కపక్కన పెట్టి చిన్న డాక్యుమెంటరీ తీశారు. బొంబాయి వేశ్యావాటిక దృశ్యాల దగ్గర సెన్సారు అభ్యంతరం చెప్పింది. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు. సినిమాను ముందుగా సెన్సారు చేయడం రాజ్యాంగానికి విరుద్ధం కాదని 1970లో తీర్పు వచ్చింది. చిన్న సినిమా తీసేవాళ్లు హాలు ఆశ వదులుకుని కాలేజీలకు, సంఘాల ఆఫీసులకు మళ్లడానికి ఇలాంటి ఇబ్బందులూ ఒక కారణం.

మా వైపు కెమెరా వచ్చిందంటే ఆకలి కోసమో, గొడవ కోసమో వచ్చినట్టే. 1985లో ఒడిశాలోని కలహండిలో ఒకామె తిండికి లేక ఆడపడుచును 40 రూపాయలకు అమ్ముకుందన్న వార్త దేశమంతా తిరిగింది, ప్రధాని రాజీవ్ గాంధీ వచ్చి చూసి వెళ్లారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి కలహండి, కొరాపుట్ అనగానే ఎముకల గూడు లాంటి బిడ్డ ఫొటోయే. ఆ ఫొటో అబద్ధమని అనను. కానీ ఆ బిడ్డకు పేరేమిటి, వాళ్లమ్మ ఏం వండేది, ఆ ఊరి పండగ ఏది అని ఎవరూ అడగలేదు.

2000 డిసెంబరు 16న రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలోని మైకంచ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు ఆదివాసీలు చనిపోయారు. బాక్సైటు తవ్వకాలకు ఎదురు తిరిగిన ఊరు అది. ఆ ఉద్యమంలో భగవాన్ మాఝీ పాడిన పాట ఆధారంగా డాక్యుమెంటరీలు తీసే కె.పి. శశి ‘గావ్ ఛోడబ్ నహీ’ అనే చిన్న వీడియో తీశారు. మా ఊరు వదలం, మా అడవి వదలం అనే పాట అది. కొద్ది నిమిషాలే ఉంటుంది, భాష రానివాళ్లకూ అందుతుంది. అందులో మనుషులు దీనంగా కనబడరు. నిలబడి పాడతారు. 2009లో ఆదివాసీ హక్కుల సంస్థ సర్వైవల్ ఇంటర్నేషనల్, బాక్సైటు గని కోసం తవ్వబోయిన ఒడిశా కొండ నియమగిరి మీద పది నిమిషాల చిత్రం తీసింది, బ్రిటిష్ నటి జోనా లమ్లీ గొంతుతో. అక్కడి ఆదివాసీలైన డొంగ్రియా కొంధుల కొండ గురించి లండన్లో మాట్లాడుకునేలా చేసింది. దాని మేలు పెద్దదే. అయినా 2013లో సుప్రీంకోర్టు చెబితే పెట్టిన గ్రామసభల్లో, 12 ఊళ్లకు 12 ఊళ్లూ తమ భాషలో లేచి నిలబడి గని వద్దన్నప్పుడు, అసలు గొంతు ఎలా ఉంటుందో తెలిసింది. వేరేవాళ్ల గొంతులో విన్న బాధకూ, బాధపడ్డ మనిషి నోట విన్న బాధకూ తేడా అక్కడుంది.

ఆ తేడాను తెలుగులో ముందుగా పట్టుకున్నది పల్లె ఆడవాళ్లు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళలకు వీడియో కెమెరా నేర్పింది. బడికి వెళ్లనివాళ్లు, కూలిపనికి వెళ్లేవాళ్లు చిరుధాన్యాల మీద, విత్తనాల మీద, వరంగల్ రైతుల బీటీ పత్తి నష్టం మీద చిత్రాలు తీశారు. కెమెరాను ఎక్కడ పెట్టాలనేదానికి వాళ్లే పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి, కింద నుంచి తీసే షాట్లకు పటేల్ (ఊరి దొర), బానిస పేర్లు పెట్టారు. ఎదుటి మనిషి కళ్లకు సమానంగా పెట్టి తీస్తే అది ‘సంఘం షాట్’. సంఘంలో అందరూ ఒకే ఎత్తులో కూర్చుంటారు కదా. సహానుభూతి గురించి పెద్ద పెద్ద వ్యాసాలు చదివాను గానీ, ఇంత సూటిగా చెప్పినవాళ్లు నాకు కనబడలేదు.

తర్వాత సంగతి త్వరగా చెప్పేయొచ్చు. 2008లో వీడియో తీసే డీఎస్ఎల్ఆర్ కెమెరాలు వచ్చాయి, ఇటు యూట్యూబ్ ఉంది. హైదరాబాద్‌లో షార్ట్ ఫిలింల వరద మొదలైంది. చాలామందికి అది సినిమా ఛాన్సుకు మెట్టు. ప్రేమ, కామెడీ, చివర్లో ఒక ట్విస్టు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకై, చూసేవాళ్లు పల్లెల్లోనూ పుట్టారు. అదే ఏడాది ఆగస్టులో భవానీపట్నం ఆస్పత్రి నుంచి ఒకాయన భార్య శవాన్ని భుజాన వేసుకుని, పక్కన కూతురు ఏడుస్తూ ఉంటే, కిలోమీటర్ల కొద్దీ నడిచిన వీడియోను దేశమంతా ఫోన్లలో చూసింది. సాయం కూడా అందింది. ఆ తర్వాత ఇలాంటి వీడియోలు తీసి పెట్టడమే పనిగా కొందరు బయల్దేరారు. ముసలావిడకు అన్నం పొట్లం ఇస్తూ, ఆవిడ కన్నీళ్లు క్లోజప్‌లో, వెనక వయొలిన్. అది చూసి మనం జాలి పడతాం, షేర్ చేస్తాం. ఆవిడ పేరు మాత్రం తెలియదు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

యాస సంగతీ చెప్పాలి. పెద్ద తెలుగు సినిమాలో సిక్కోలు మాట ఎక్కువగా పనివాడి నోటో, అమాయకుడి నోటో వినబడేది, హాలు నవ్వేది. మా ఊళ్లో పిల్లలూ నవ్వేవారు. తర్వాత ఇంటికొచ్చి అదే మాటలో అమ్మను అన్నం అడిగేవారు. ఆ పిల్లలు పెద్దయి కెమెరా పట్టుకున్నప్పుడు ముందు రాసింది టీవీ తెలుగే. “ఎలా బతుకుతుంది” అన్న డైలాగు అక్కడిదే. తల్లి ఏడవాలి, ఏడిస్తేనే జనానికి ఎక్కుతుంది అనుకున్నారు. ఆకుకూరలావిడ వాళ్లను సరిదిద్దింది.

ఆ పది నిమిషాల సినిమాను వీధిలో దుప్పటి కట్టి వేశారు. కింద ఒడియా సబ్‌టైటిల్స్. మరమరాల ముడి విప్పి మళ్లీ పోసే చోట వెనక వరసలో ఒక ఒడియా పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. గంజాం నుంచి సూరత్ వెళ్లని ఊరు వెతికితే దొరకదు కాబట్టి ఆ బ్యాగు సర్దడం అందరికీ తెలిసినదే. 2020 మేలో సూరత్ నుంచి రైళ్ల నిండా జనం తిరిగొచ్చిన రోజులు ఎవరూ మర్చిపోలేదు.

సరిహద్దు మీద ఇంకా ఎవరూ తాకని కథలు చాలా ఉన్నాయి. ఆంధ్ర, ఒడిశా రెండూ మావేననే కొటియా ఊళ్ల పేచీ 1968లో సుప్రీంకోర్టుకెక్కింది, 2006లోనూ తేలలేదు. టీవీలో ఎప్పుడూ రెండు రాష్ట్రాల ఆఫీసర్లు, పోలీసులు, బోర్డులు పీకడం. రెండు ప్రభుత్వాల కార్డులూ ట్రంకుపెట్టెలో దాచుకున్న ఇల్లు ఎలా ఉంటుందో ఎవరైనా తీస్తే చూడాలని ఉంది.

మన తప్పు కూడా ఒకటి చెప్పాలి. హైదరాబాద్ మనల్ని చూసినట్టే మనం కొండల్ని చూశాం. అదే కుర్రాళ్ల రెండో సినిమాలో హాస్టల్లో ఉండే సవర పిల్ల కథ ఉంది. మంచి మనసుతో రాసిందే. కానీ మొదటి కటింగ్‌లో ఆ పిల్ల సినిమా మొత్తం ఒక్క మాట మాట్లాడదు. బెదురు చూపులు, కన్నీళ్లు, మన టీచరమ్మ ఓదార్పు. అది చూడ్డానికి వచ్చినవాళ్లలో కాలేజీలో చదివే ఒక సవర అమ్మాయి ఉంది. అయిపోయాక ఒకటే అడిగింది: “ఆ పిల్లకి మాటలు రావా?”

ఎవరూ ఏమీ అనలేకపోయారు. డైరెక్టరు కుర్రాడు ఆ రాత్రి నాకు ఫోన్ చేసి, సగం సినిమా మళ్లీ తీస్తానన్నాడు. డబ్బుల్లేవు, టెన్షన్ పడుతున్నాడు, అయినా గొంతులో తేడా తెలిసింది.

పోయిన ఆదివారం వెళ్లాను. ఆ అమ్మాయే డైలాగులు రాసింది, ఒడియా అక్షరాల్లో సవర మాటలు. షూటింగుకు ముందు డైరెక్టరు కుర్రాడు వాటిని నేర్చుకుంటున్నాడు, ఎక్కడ ఆగాలో తెలియకపోతే కెమెరా ఎప్పుడు ఆపాలో తెలియదని. ఒక మాట దగ్గర నాలుక తిరగడం లేదు. మూడుసార్లు తప్పు పలికాడు, మూడుసార్లూ ఆ అమ్మాయి నవ్వకుండా సరిచేసింది. నాలుగోసారి తలూపింది. అప్పుడు ఫ్యాను ఆపేసి ఫోన్ ఆన్ చేశారు.