వెనక్కి చిమ్ముతూ ముందుకు పాకే నాజిల్

"లారీ మీది గొట్టం మ్యాన్‌హోల్‌లోకి దానంతట అదే పోతోంది. ఎవరూ తొయ్యడం లేదు. ఎలా?" అని ఒక పాఠకుడు అడిగారు. ఆ లారీ జెట్టింగ్ మెషీన్, అంటే మురుగు పైపులను నీటి జోరుతో కడిగే యంత్రం. పైపులోకి కెమెరా పంపి పరీక్ష చేసే ముందు దీనితో శుభ్రం చేస్తారు. లేకపోతే కెమెరాకు కనిపించేది బురదే. పగుళ్లూ, కదిలిన జాయింట్లూ దాని కింద దాక్కుంటాయి.

మెత్తటి గొట్టాన్ని వెనక నుంచి వంద మీటర్లు తొయ్యలేం, మెలికలు పడుతుంది. ముందు నుంచి లాగాలి. లాగే పని కొసన బిగించిన ఉక్కు నాజిల్‌ది. దాని రంధ్రాలు ఎక్కువగా వెనక్కి తిరిగి ఉంటాయి. నీళ్లు వెనక్కి, నాజిల్ ముందుకు: న్యూటన్ మూడో సూత్రం. బడిలో ఈ పాఠానికి ఎప్పుడూ రాకెట్టూ తుపాకీయే. వీధి మలుపులో కనిపించే ఉదాహరణను మాత్రం ఎవరూ చెప్పరు, మురుగు కదా!

లెక్క కడదాం. నాజిల్ దగ్గర పీడనం 100 బార్ అనుకోండి, అంటే గాలి పీడనానికి దాదాపు వంద రెట్లు. దాన్ని పాస్కల్స్‌లోకి మార్చి (ఒక కోటి), రెండింతలు చేసి, నీటి సాంద్రతతో (ఘనమీటరుకు 1000 కిలోలు) భాగించి, వర్గమూలం తీస్తే జెట్ (చిమ్మే నీటి ధార) వేగం వస్తుంది: సెకనుకు 141 మీటర్లు, గంటకు 500 కిలోమీటర్ల పైమాటే. నిమిషానికి 200 లీటర్లు చిమ్మితే సెకనుకు 3.3 కిలోల నీళ్లు. వేగంతో గుణిస్తే సుమారు 470 న్యూటన్లు, అంటే 48 కిలోల బరువంత బలం. ఒక సిమెంటు బస్తాను వేలాడదీస్తే ఎంత లాగుతుందో, ఇంచుమించు అంత.

బురదను తన్నుకుంటూ నాజిల్ ముందుకు పోతుందని చాలామంది అనుకుంటారు. కాదు. వెనక ఏమీ లేకపోయినా ఆ బలం అంతే ఉంటుంది. అందుకే నాజిల్ లోపలికి వెళ్లేదాకా పంపు పీడనం పెంచకూడదు; బయట వదిలితే గొట్టం కొరడాలా ఎగిరి మనిషిని కొడుతుంది. పైపు మరీ పెద్దదైతే నాజిల్ లోపలే వెనక్కి తిరిగి, వచ్చిన దారినే దూసుకొచ్చే ప్రమాదం ఉంది. అందుకని నాజిల్ వెనక పైపు వ్యాసం కంటే పొడవైన గట్టి గొట్టం ముక్క బిగిస్తారు, తిరగడానికి చోటు లేకుండా.

ఇక కోణం. జెట్లు పైపు పొడవు దిశకు 15 డిగ్రీల్లో ఉంటే ఆ 48 కిలోల బలంలో 46 లాగడానికే దక్కుతుంది, కానీ గోడకు తగిలే దెబ్బ తక్కువ. 45 డిగ్రీలైతే గోడను బాగా గీకుతుంది, లాగే బలం 34కి పడిపోతుంది. దూరం పోవాలా, గోకాలా అన్నదాన్ని బట్టి నాజిల్ మారుస్తారు.

అసలు శుభ్రత తిరుగు ప్రయాణంలో జరుగుతుంది. గొట్టాన్ని దిగువ మ్యాన్‌హోల్ నుంచి ఎగువకు పంపుతారు. రీలు మీద నెమ్మదిగా వెనక్కి చుడుతుంటే, వెనక్కి చూసే జెట్లు బురదను దిగువ మ్యాన్‌హోల్‌కే నెట్టుకొస్తాయి, అక్కడ పీల్చేస్తారు. అంటుకున్నదాన్ని ఊడగొట్టేది పీడనం, ఇసుకను మోసుకొచ్చేది ప్రవాహం. కానీ ప్రవాహం రెట్టింపైతే గొట్టంలో ఒరిపిడి నష్టం దాదాపు నాలుగింతలవుతుంది కాబట్టి పంపు మీటరు చూసి నాజిల్ దగ్గరా అంతే పీడనం ఉందనుకోకూడదు.

కదిలించిన బురదలోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ అనే, కుళ్లిన గుడ్ల కంపు కొట్టే విషవాయువు వస్తుంది. 100 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో వంద పాళ్లు) దగ్గర ముక్కు ఆ వాసన పట్టడమే మానేస్తుంది, వాసన పోయిందంటే గాలి బాగుపడినట్టు కాదు. పాత బావిలో దిగి పడిపోయినవాణ్ణి దయ్యం పట్టిందనేవారు; అక్కడా పని విషవాయువులదే. మురుగు గుంతల్లోకి మనుషుల్ని ప్రమాదకరంగా దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. హైదరాబాద్ జలమండలి ఇరుకు గల్లీల కోసం చిన్న జెట్టింగ్ వాహనాలు తిప్పుతోంది.

ఇదే వాయువు పాత కాంక్రీటు పైపుల పైకప్పునూ తినేస్తుంది. అక్కడి తేమలో బ్యాక్టీరియా దాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది, కాంక్రీటు జిప్సం ముద్దవుతుంది. అలాంటి పైపులో పూర్తి పీడనంతో నాజిల్‌ను ఒకేచోట నిలిపితే ఉన్న పగులు పెద్దదవుతుంది. కాబట్టి అనుమానం ఉన్నచోట ముందే ఒకసారి కెమెరా పంపి చూసి, తర్వాత తక్కువ పీడనంతో, నాజిల్‌ను ఆపకుండా కడుగుతారు.